మోటారు సైకిలు వెనుక స్ప్రింగులు: ఇంటివద్ద సరిచేసుకొను విధము

మోటారు సైకిలు కొన్ననాడు దానితోపాటు ఒక చిన్న పుస్తకమూ, ఒక పనిముట్ల సంచీ చేతికిస్తారు. పుస్తకం ఇన్సూరెన్సు కాగితాలతో కలిసి బీరువాలోకి పోతుంది. సంచి బండి పక్కడబ్బాలో పడి తుప్పు పట్టుతుంది. కొన్ని బండ్ల సంచిలో కొడవలి వలె వంగి, కొసన చిన్న కొక్కెం గల ఒక ఇనుప పనిముట్టు ఉంటుంది. అది ఏ నట్టుకూ పట్టదు, ఏ బోల్టుకూ సరిపోదు. అందుచేత దానిని పనికిరాని వస్తువుగా ఎంచి పారవేసినవారు కూడా ఉన్నారు. మెకానిక్కులు దానిని సి స్పానరు అంటారు. బండి వెనుక భాగాన్ని దానిపై ఎక్కే బరువుకు తగినట్లు సవరించడానికి ఏర్పడిన సాధనం అదే. ఆ సవరణ ఏమిటో, ఎందుకు అవసరమో, దానిని ఇంటి ముంగిట ఒక గంటలో ఎట్లు చేసుకొనవచ్చునో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగు శాఖవారికి స్పానర్లతో ఏమి పని అని భౌతిక శాస్త్ర శాఖలోని మా మిత్రులు నవ్వవచ్చును. మా సమాధానం ఇది. బండితో వచ్చే ఆ పుస్తకం సాధారణంగా ఆంగ్లంలో ఉంటుంది. మన విద్యార్థుల ఇండ్లలో మాట్లాడేది తెలుగు, లేదా ఉర్దూ. పుస్తకంలోని విషయం ఇంటి భాషలోకి దిగి రాలేదు గనుక, వెనుక స్ప్రింగు అనగానే మనకు తెలిసిన మాటలు రెండే: ఒకటి టైటు, రెండవది లూజు. ఈ రెండు మాటలూ విషయాన్ని తేటపరచకపోగా తప్పుదారి పట్టిస్తాయి. ఎట్లు పట్టిస్తాయో ముందు చూస్తాము.

మాటల ప్రస్తావన వచ్చినది గనుక ఇక్కడొక ముచ్చట. షాక్ అబ్జార్బరును మన ఊళ్ళలో షాక్ అబ్జర్వరు అంటారు. ఆంగ్లంలో మొదటి మాటకు మ్రింగునది అని, రెండవదానికి చూచునది అని అర్థం. కుదుపును మ్రింగవలసిన వస్తువు దానిని చూస్తూ ఊరకున్నదన్నమాట! నూనె కారిపోయి పాడైన వాటి విషయంలో జనం పెట్టిన పేరే సార్థకమని మాకు తోస్తుంది. ఉర్దూ చదివే విద్యార్థులకు మరొకటి. లారీ చక్రాల మీద ఇనుప పట్టీలను కట్టగా అమర్చుతారు గదా, దానిని పనివారు కమాను అంటారు. పారసీకం నుండి ఉర్దూలోకి వచ్చిన కమాన్ అన్న మాటకు విల్లు అని అర్థం. వంగి, మరల తన రూపానికి వచ్చేది ఏదో అది కమాను. స్ప్రింగు స్వభావం ఆ ఒక్క మాటలోనే ఉన్నది.

మోటారు సైకిలు వెనుక చక్రం చట్రానికి నేరుగా బిగించి ఉండదు. చట్రానికి ఒక కీలు ఉంటుంది. ఆ కీలు నుండి వెనుకకు సాగిన రెండు ఇనుప చేతుల నడుమ చక్రం తిరుగుతుంది. ఈ చేతుల జంటను స్వింగ్ ఆర్మ్ అంటారు. ఇది తలుపు వలె కీలు మీద పైకీ క్రిందికీ ఆడుతుంది. ఆడేదానిని పట్టి ఉంచడానికి కుడి ఎడమల రెండు షాక్ అబ్జార్బర్లు ఉంటాయి. ఒక్కొక్క దానిలో రెండు వస్తువులున్నవి: పైకి కనబడే స్ప్రింగు ఒకటి, దాని నడుమ దాగిన నూనె గొట్టం ఒకటి. స్ప్రింగు బరువును మోస్తుంది. నూనె గొట్టం ఊపును అణచుతుంది. నూనె చిన్న రంధ్రాలగుండా దూరవలసి వచ్చినందువల్ల చక్రం ఊపు వేడిగా మారి నశిస్తుంది. నూనె లేకున్న ఎడల ఒక్క గుంతకు బండి పదిసార్లు ఎగురును.

తొలినాటి మోటారు సైకిళ్ళలో చాలావాటికి వెనుక ఈ ఏర్పాటే లేదు. సీటు క్రింది స్ప్రింగులే మనిషికి దిక్కు. 1949లో ఇంగ్లండులో వెలువడిన రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ స్వింగ్ ఆర్మ్‌తోనూ నూనె షాక్ అబ్జార్బర్లతోనూ వచ్చింది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడిన పిదప ఆ బండి మన రోడ్లకు బాగా పరిచయమైనది. నేడు మన వీధులలో తిరిగే స్ప్లెండర్ వంటి 100 సి.సి. బండ్లలోనూ మూలసూత్రం అదే. ఈ వ్యాసంలో మేము ప్రధానంగా అట్టి రెండు షాక్ అబ్జార్బర్ల బండినే దృష్టిలో ఉంచుకొన్నాము.

స్ప్రింగు అడుగున ఒక కాలరు ఉంటుంది. కొన్ని బండ్లలో అది పైకొనన ఉండవచ్చు. ఆ కాలరు అంచు మెట్లు మెట్లుగా కోసి ఉంటుంది. స్ప్లెండరులో 5 మెట్లు. కాలరును త్రిప్పినప్పుడు గొట్టానికున్న చిన్న బుడిపె ఒక మెట్టు నుండి మరొక మెట్టుకు చేరుతుంది. స్ప్రింగు ఆ మేరకు నొక్కుకొనును, లేదా వదులగును. బరువు ఎక్కకముందే స్ప్రింగును ఇట్లు కొంత నొక్కి ఉంచడాన్ని ప్రీలోడ్ అంటారు.

ఇక టైటు, లూజుల సంగతి. కాలరును పై మెట్టుకు త్రిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందని అందరూ నమ్ముతారు. అది నిజం కాదు. స్ప్రింగు గట్టితనం దాని తీగ మందాన్ని, చుట్ల వెడల్పును, చుట్ల సంఖ్యను, ఉక్కు గుణాన్ని బట్టి ఉంటుంది. స్పానరుతో ఇందులో ఏదీ మారదు. బరువు ఎంత హెచ్చితే స్ప్రింగు అదే నిష్పత్తిలో కుంగుతుందన్న సూత్రాన్ని రాబర్ట్ హుక్ 1676లో అక్షరాలు కలగాపులగం చేసి ఒక పొడుపుకథ వలె ప్రకటించి, 1678లో విప్పి చెప్పినాడు. మన ఇంటర్మీడియట్ విద్యార్థులు దానిని పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొంటారు గాని, తాము ఎక్కి వచ్చిన బండి క్రింద అదే సూత్రం పని చేస్తున్నదని తలచరు.

ఒక లెక్క చూద్దాము. ఇందులోని అంకెలు వివరణకై మేము ఎంచుకొన్నవి. మీ బండి అంకెలు వేరుగా ఉంటాయి. రెండు స్ప్రింగులూ కలిసి 3 కిలోల బరువుకు 1 మిల్లీమీటరు కుంగుతాయని అనుకొందాము. వెనుక చక్రం మొత్తం 80 మి.మీ. ఆడుతుందని అనుకొందాము. కాలరు అడుగు మెట్టులో ఉన్నప్పుడు స్ప్రింగులు ముందే 10 మి.మీ. నొక్కి ఉన్నవి. అనగా మొదటి 30 కిలోల వరకు బండి వెనుక భాగం కదలదు. ఖాళీ బండి వెనుక భాగపు బరువు 60 కిలోలైతే, తక్కిన 30 కిలోలకు 10 మి.మీ. కుంగుతుంది. నడిపేవాడు కూర్చున్నప్పుడు అతని బరువులో 45 కిలోలు వెనుక పడినవనుకొంటే మొత్తం 105 కిలోలు. కుంగినది 25 మి.మీ. వెనుక ఒక మనిషి ఎక్కి మరి 60 కిలోలు చేరగా 45 మి.మీ. అప్పటికి 80లో సగం దాటిపోయినది. మిగిలిన 35 మి.మీ.లోనే దారిలోని గుంతలన్నీ సర్దుకొనవలెను.

ఇప్పుడు కాలరును మూడు మెట్లు పైకి త్రిప్పి, మెట్టుకు 5 చొప్పున 15 మి.మీ. చేర్చినామనుకొందాము. ప్రీలోడ్ 25 మి.మీ. అయినది; తొలి 75 కిలోల వరకు కదలిక లేదు. ఇద్దరు కూర్చున్నప్పుడు కుంగేది 45కు బదులు 30 మి.మీ. మాత్రమే. బండి వెనుక భాగం 15 మి.మీ. పైకి లేచినది. ఒంటరిగా ఉన్నవాని వెనుక మరొకరు ఎక్కినందువల్ల కలిగే కుంగుడు మాత్రం అప్పుడూ 20 మి.మీ., ఇప్పుడూ 20 మి.మీ. గమనించండి. స్ప్రింగు గట్టిపడి ఉంటే ఆ 20 తగ్గవలసింది, అది తగ్గలేదు. కావున స్పానరుతో మనం మార్చేది గట్టితనాన్ని కాదు, బండి నిలిచే ఎత్తును. చుట్లు ఒక కొన దగ్గరగానూ మరొక కొన ఎడంగానూ ఉండే స్ప్రింగులలో ఈ లెక్క కొంచెం మారుతుంది. అయినా సారాంశం ఇదే.

అదే పై మెట్టు మీద ఒక్కడే ప్రయాణం చేస్తే ఏమగును? ఖాళీ బండి 60 కిలోలు. స్ప్రింగులు 75 కిలోల వరకు కదలవు. బండి తన బరువుకు అసలు కుంగనే కుంగదు. ఒక్కడు ఎక్కితే 10 మి.మీ. కుంగుతుంది. చక్రం పైకి పోవడానికి చోటున్నదే గాని, గుంతలోకి దిగడానికి చోటు మిగలదు. గుంత వచ్చినప్పుడు చక్రం నేలను వదలి గాలిలో వ్రేలాడి, ఆవలి అంచుకు ఠక్కున కొట్టుకొంటుంది. మాకు తెలిసిన ఒక అధ్యాపకుడు ఇట్టి బండిని రెండేండ్లు నడిపినారు. అది పాలు పోసే ఆసామి వద్ద కొన్న బండి. ఇరుప్రక్కలా 20 లీటర్ల క్యాన్లు వ్రేలాడదీసేవాడు గనుక ఆయన దానిని అయిదవ మెట్టులో ఉంచుకొన్నాడు; అది ఆయనకు తగినదే. కొన్న అధ్యాపకునికి క్యాన్లూ లేవు, వెనుక కూర్చునేవారూ లేరు. నడుము నొప్పికి తైలాలు రాసినారు, సీటు మీద దిండు కుట్టించినారు, చివరకు టైర్లు మార్చినారు. కాలరు రెండవ మెట్టుకు దింపిన తరువాత దిండు తీసివేసినారు.

ఎక్కువ కుంగిన బండి మరొక విధంగా చెరుపు చేస్తుంది. వెనుక భాగం దిగితే ముందు భాగం లేస్తుంది. హ్యాండిల్ బరువెక్కి మలుపులో ఆలస్యంగా తిరుగుతుంది. ముందు చక్రం మీది బరువు తగ్గుతుంది. రాత్రివేళ హెడ్‌లైటు వెలుగు రోడ్డు మీద పడక ఎదురుగా వచ్చేవాని కండ్లలో పడుతుంది. తల్లిదండ్రులను వెనుక కూర్చోబెట్టుకొని ఆసుపత్రికి, బస్‌స్టాండుకు పోయే విద్యార్థులు దీనిని ప్రత్యేకంగా గ్రహించవలెను. గుంత కనబడగానే నడిపేవాడు కాళ్ళపై కొంచెం లేచి కుదుపును తప్పించుకొంటాడు. వెనుక ఒక ప్రక్కకు తిరిగి కూర్చున్న తల్లికి ఆ గుంత కనబడదు, లేచే వీలూ లేదు. పైగా ఆమె సరిగ్గా చక్రం మీదనే కూర్చున్నది. షాక్ అబ్జార్బరు అడుగంటి రబ్బరుకు తగిలినప్పుడు వచ్చే దెబ్బ ఆమె వెన్నుపూసకు తగులుతుంది. ఎముకలు పెళుసెక్కిన వయస్సులో అది చిన్న విషయం కాదు.

ఇంతకూ ఏ మెట్టు సరియైనది? ఊహించనక్కరలేదు, కొలవవచ్చును. దానికి ఒక టేపు, ఒక సుద్దముక్క, ఒక తోడు మనిషి ఉంటే చాలు. అంతకుముందు టైరులో గాలి పుస్తకంలో చెప్పినంత ఉన్నదో లేదో చూడండి. గాలి తగ్గిన టైరు కూడా మెత్తని స్ప్రింగు వలె మోసగిస్తుంది.

బండిని చదునైన నేల మీద సెంటర్ స్టాండు వేసి నిలపండి. వెనుక చక్రం నేలకు ఎడంగా వ్రేలాడవలెను. సాధారణంగా అది వ్రేలాడుతుంది. ఏదైనా బండిలో ముందు చక్రం లేస్తే, తోడు మనిషిని హ్యాండిల్ వద్ద మెల్లగా క్రిందికి నొక్కి పట్టమనండి. వెనుక ఇరుసు నడిమి నుండి నిట్టనిలువుగా పైకి చూచి, సీటు క్రిందనో ప్రక్క కడ్డీ మీదనో కదలని చోట సుద్దతో గీత పెట్టండి. ఇరుసు నుండి ఆ గీతకు దూరం కొలవండి. ఇది మొదటి కొలత. తరువాత బండిని స్టాండు నుండి దించి, రెండు చక్రాల మీద నిటారుగా పట్టుకొని మరల కొలవండి. ఇది రెండవది. మూడవసారి ఎప్పుడూ నడిపే మనిషి, ఎప్పుడూ ధరించే చెప్పులతో, పుస్తకాల సంచితో సహా కూర్చుని పాదాలు ఫుట్‌రెస్టు మీద పెట్టవలెను. తోడు మనిషి ముందు నిలిచి హ్యాండిల్ పట్టుకొంటాడు. కొలిచేవాడు మూడవ మనిషి అయితే మేలు. లేకున్న బండిని గోడ ప్రక్కన నిలిపి, కూర్చున్నవాడు మోచేతిని గోడకు తేలికగా ఆన్చవచ్చును.

ఇందులో ఒక చిక్కున్నది. సీళ్ళ రాపిడి, బుష్‌ల రాపిడి వల్ల బండి ప్రతిసారీ ఒకే చోట ఆగదు. కావున వెనుక భాగాన్ని చేతితో కొంచెం క్రిందికి నొక్కి మెల్లగా వదలి ఒకసారి కొలవండి. కొంచెం పైకి ఎత్తి మెల్లగా దించి మరొకసారి కొలవండి. రెండింటి సగటు సరియైన కొలత. ఈ రెండింటి మధ్య తేడా మరీ ఎక్కువగా ఉంటే బుష్‌లు బిగుసుకొన్నవో, అరిగినవో అని అనుమానించవలెను.

మన ఉదాహరణలో మొదటి కొలత 420 మి.మీ. అనుకొంటే రెండవది 410, మూడవది 395. మొదటి దానిలో మూడవ దానిని తీసివేయగా 25 వచ్చినది. మొత్తం కదలికలో నాలుగవ వంతు నుండి మూడవ వంతు వరకు కుంగి ఉండవలెనని పనితెలిసినవారి వాడుక. 80లో అది 20 నుండి 27 వరకు. కనుక ఒంటరి ప్రయాణానికి ఈ మెట్టు సరిపోయినది. ఇద్దరితో కొలిచినప్పుడు వచ్చిన 45కు అది ఎంత దూరమో తెలుస్తూనే ఉన్నది. మూడు మెట్లు పైన వచ్చిన 30 దానికి చాలా దగ్గర. మీ బండి వెనుక చక్రం మొత్తం ఎంత ఆడుతుందో పుస్తకంలోని సాంకేతిక వివరాలలో ఉండవచ్చు. రెండవ కొలతను కూడా విడిచిపెట్టకండి. ఖాళీ బండి తన బరువుకు ఏమాత్రమూ కుంగకపోతే ప్రీలోడ్ మితిమీరినదని అర్థం.

సవరణకు దిగేముందు ఇంజను చల్లారనివ్వండి. సైలెన్సరు కుడివైపు షాక్ అబ్జార్బరు ప్రక్కనే ఉంటుంది. స్పానరు జారితే చేయి పోయి తగిలేది దానికే. బండిని సెంటర్ స్టాండు మీద ఉంచితే చక్రం వ్రేలాడి స్ప్రింగు మీద బరువు తగ్గుతుంది, కాలరు సులభంగా తిరుగుతుంది. కాలరు మెట్లలో మట్టి గట్టిపడి ఉంటుంది. పాత పళ్ళ బ్రష్షుకు కిరోసిన్ తడిపి దానిని శుభ్రంగా తోమండి. ఆ కిరోసిన్ టైరు మీదికి గాని, బ్రేకు డ్రమ్ములోకి గాని పోకుండా క్రింద గుడ్డ పరచండి. తోమకుండా త్రిప్పితే ఇసుక కాలరుకూ గొట్టానికీ నడుమ నలిగి, అది బిగుసుకుపోతుంది. తోమిన తరువాత ఒక చుక్క నూనె వేయండి.

సి స్పానరు కొక్కెం కాలరులోని గాడిలో పూర్తిగా కూర్చున్నదని చూచుకొని త్రిప్పండి. ఎటు త్రిప్పితే హెచ్చో, ఎటు త్రిప్పితే తగ్గో బండిని బట్టి మారుతుంది గనుక కుడి ఎడమల సూత్రం బట్టీ పట్టనక్కరలేదు. స్ప్రింగు చుట్లు దగ్గరైతే హెచ్చినట్లు. ఒక్కొక్క మెట్టు టక్కుమని పడుతుంది. ఒకటి, రెండు, మూడు అంటూ వరుసగా పోవలెనే గాని, అయిదవ మెట్టు చివరి నుండి నేరుగా ఒకటవ మెట్టులోకి దూకించరాదు. అట్లు దూకించితే షాక్ అబ్జార్బరు చెడుతుందని తయారీదారుల పుస్తకాలే హెచ్చరిస్తాయి. సుత్తి, ఉలి పెట్టి కొట్టేవారిని మేము చూచినాము. కొక్కెం పట్టని కాలరుకు సుత్తి మందు కాదు. ఇంకొంత కిరోసిన్, ఒక రాత్రి ఓపిక.

రెండు వైపులా ఒకే మెట్టు ఉండవలెను. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. కుడివైపు మూడు, ఎడమవైపు రెండు ఉన్నట్లయితే స్వింగ్ ఆర్మ్ మీద మెలిక పడుతుంది. దాని బుష్‌లు ముందుగా అరుగుతాయి. బురద కప్పిన బండిలో మెట్లు సరిగ్గా కనబడవు. కనుక రెండు వైపులనూ మొదట అడుగు మెట్టుకు తెచ్చి, అక్కడి నుండి లెక్కపెట్టుకొంటూ రావడం మంచిది.

త్రిప్పిన తరువాత మరల కొలవండి. కొలత కుదిరినదా, ఇంకా మూడు పనులున్నవి. స్వింగ్ ఆర్మ్ కోణం మారితే చైను వదులు మారుతుంది. గేరుబాక్సు ముందు పళ్ళచక్రం, స్వింగ్ ఆర్మ్ కీలు, వెనుక ఇరుసు ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైను అన్నిటికంటె బిగువుగా ఉంటుంది. కావున చైను వదులును పుస్తకంలో చెప్పిన కొలతకు సరిచూడండి. రెండవది హెడ్‌లైటు. చీకటి పడిన తరువాత బండిని ఒక గోడ ఎదుట నిలిపి వెలుగు ఎక్కడ పడుతున్నదో చూడండి. మూడవది సైడ్ స్టాండు. బండి వెనుక లేచినకొలదీ సైడ్ స్టాండు మీద ఎక్కువగా వాలుతుంది. మెత్తని నేలలో పడిపోయే ప్రమాదమున్నది.

స్పానరుతో కుదరనివి కూడా కొన్ని ఉన్నవి. బండి వెనుక భాగాన్ని రెండు చేతులతో బలంగా క్రిందికి నొక్కి వదలండి. లేచి ఒక్కమారుగా నిలకడ చెందితే నూనె గొట్టం బాగున్నట్లు. రెండు మూడు సార్లు ఊగితే దానిలో సత్తువ లేనట్లు. గొట్టం మీద నూనె చెమ్మకు ధూళి అంటి నల్లని పట్టు కట్టినదంటే ఆయిల్ సీలు పోయినది. ఇట్టి బండికి ప్రీలోడ్ పెంచడం జ్వరంవానికి దుప్పటి మార్చినట్లే. పైగా నొక్కిన స్ప్రింగు మరింత బలంగా ఎగదన్నును, అణచే నూనె లేదు. బండి ఇంకా ఎక్కువ ఎగురుతుంది. మార్చవలసి వస్తే రెండింటినీ జంటగా మార్చండి. పాతదానినీ కొత్తదానినీ జోడించరాదు. ఆ గొట్టాన్ని ఇంట్లో విప్పే సాహసం చేయకండి. కొన్నింటిలో నైట్రోజన్ వాయువు ఒత్తిడితో నింపి ఉంటారు, విప్పితే ప్రాణాపాయం.

ముగ్గురు ఎక్కే అలవాటు గురించి చెప్పక తప్పదు. మన లెక్కలోనే అడుగు మెట్టు మీద మూడవవాడు మరి 60 కిలోలు చేర్చితే కుంగుడు 65కు చేరుతుంది. మిగిలినది 15 మి.మీ. స్పీడ్ బ్రేకరు ఒక్కటి చాలును. అయిదవ మెట్టుకు త్రిప్పితే ముగ్గురిని మోయవచ్చునా అని ఒక విద్యార్థి మమ్మల్ని అడిగినాడు. మోయరాదు. ప్రీలోడ్ బండి ఎత్తును మార్చునే గాని, టైరు శక్తిని, బ్రేకు శక్తిని, చట్రం బలాన్ని పెంచదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 128వ సెక్షను నడిపేవాడు గాక ఒక్కరిని మాత్రమే అనుమతిస్తుంది.

ఒక్క షాక్ అబ్జార్బరు మాత్రమే ఉండే బండ్ల సంగతి కొంచెం వేరు. యమహా వారు 1973లో పందెపు బండ్లలో దీనిని ప్రయోగించినారు. మన దేశంలో 2008లో వచ్చిన ఆర్15లో లింకులతో కూడిన ఇట్టి ఏర్పాటున్నది. ఇందులో చక్రం ఎక్కువ ఆడితే స్ప్రింగు తక్కువ ఆడుతుంది గనుక స్ప్రింగు చాలా గట్టిది. కొన్నింటిలో మెట్ల కాలరు, కొన్నింటిలో మరల గల రెండు కాలర్లు ఉంటాయి. రెండవ రకానికి రెండు స్పానర్లు కావలెను, చేయి దూర్చే చోటూ తక్కువ. కొలిచే విధానం మాత్రం పైన చెప్పినదే. కొలత మీరు తీసుకొని, త్రిప్పే పని మెకానిక్కుకు అప్పగించండి. ఎన్ని మి.మీ. కావలెనో మీరే చెప్పగలిగితే ఆయన కూడా సంతోషిస్తాడు.

కొలతలు తీసినవారు వాటిని ఆ చిన్న పుస్తకం అట్ట లోపలి వైపు వ్రాసి ఉంచుకొనవలెను: ఒక్కరికి ఏ మెట్టు, ఇద్దరికి ఏ మెట్టు, పాల క్యాన్లకు, దాణా మూటలకు ఏ మెట్టు. తండ్రి ఉదయం ఒక పనికి, కుమారుడు పగలు కాలేజీకి వాడే బండ్లకు ఇది మరీ అవసరం. ఒకసారి శుభ్రపరచి నూనె వేసిన కాలరు త్రిప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు.

కళాశాల కమిటీ పెద్దలకు ఈ సందర్భంలో ఒక విన్నపం. మన వాహనాల స్టాండులో నేల అంతా ఏటవాలు. అక్కడ తీసిన కొలత నిలువదు. గేటు ప్రక్కన మూడు గజాల పొడవు, ఒకటిన్నర గజం వెడల్పు గల చదునైన సిమెంటు గచ్చు వేయించగోరుతున్నాము. సి స్పానరు ఒకటి, ఉక్కు టేపు ఒకటి, గాలి కొలిచే గేజి ఒకటి మా శాఖ బీరువాలో ఉన్నవి. శనివారం మధ్యాహ్నం తరగతులు ముగిసిన తరువాత కావలసినవారు సంతకం చేసి తీసుకొనవచ్చును.